పదునేడేండ్ల గడువు

(మన సంఘ పఠనమందిరమున జరుగు మాసోపన్యాసములలో ఒక వర్తక సోదరుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను. నా చదువు మెట్రిక్యులేషనుతోనే ముగిసినది. కీటకశాస్త్రమును గూర్చి మాటలాడుటకు నాకు గల అధికారము అంతంతమాత్రము. అయినను గడువు, బాకీ, వాయిదా యను మాటలతోనే దినములు గడపువానికి, పదునేడేండ్ల వాయిదా పెట్టుకొని ఆ యేటి వసంతముననే తిరిగి కనబడు ప్రాణి యొకటి కలదని తెలిసినప్పుడు దానిని గూర్చి నలుగురితో చెప్పుకొనవలెనని తోచుట సహజము.

వేసవి మధ్యాహ్నమున చెట్టుకొమ్మల నుండి చెవులు గింగురుమనునట్లు అరచు పురుగును మనలో పలువురు కీచురాయి యందురు. రాత్రివేళ గోడమూలల అరచు కీచురాయి వేరు, ఈ చెట్టుపైది వేరు. దీనిని ఆంగ్లమున సికాడా యందురు. మన ప్రాంతములందు ఇవి ఏటేట వినబడునవే. మేఘాలయమున రీ-భోయ్ జిల్లాలో మాత్రము నాలుగేండ్ల కొకమారు వెలువడు జాతి యొకటి కలదు. దానికి శాస్త్రజ్ఞులు 2013లో పేరుపెట్టిరి. నేను చెప్పబోవునవి అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమున మాత్రమే యుండును. వీనిలో ఏడు జాతులు. మూడింటికి 17 ఏండ్ల గడువు, నాల్గింటికి 13 ఏండ్ల గడువు. నల్లని దేహము, ఎర్రని కన్నులు, నారింజవన్నె ఈనెలు గల రెక్కలు వీని గుర్తులు.

ఆడపురుగు సన్నని కొమ్మల బెరడు చీల్చి అందు గ్రుడ్లు పెట్టును. ఆరు మొదలు పది వారములకు అవి పగిలి, చీమలంతటి పిల్లలు నేల రాలి మట్టిలోనికి దూరును. అటుపిమ్మట చెట్టువేళ్ల రసమును పీల్చుచు చీకటిలోనే పెరుగును. ఆ రసమున సారము బహుస్వల్పము గనుక ఎదుగుదల మందగతి. గడువు నిండిన యేట ఎనిమిది అంగుళముల లోతున నేల వేడిమి సుమారు 18 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరగానే, ప్రొద్దు గ్రుంకిన పిదప వేనవేలుగా వెలికివచ్చి, చెట్లెక్కి, కుబుసము విడిచి, రెక్కలు విప్పును. తరువాత వీని బ్రదుకు మూడు నాలుగు వారములు. మగవి పాడును, ఆడవి గ్రుడ్లు పెట్టును, అంతటితో సరి.

చీకటిలో నుండి ఏండ్లెట్లు లెక్కించును? కాలిఫోర్నియాలో కొందరు శాస్త్రజ్ఞులు 15 ఏండ్లు నిండిన పిల్లలను తెచ్చి, ఏటికి రెండుమార్లు పూచునట్లు చేసిన పీచ్ చెట్ల వేళ్లపై పెంచిరి. అవి ఒక సంవత్సరము ముందుగా వెలికివచ్చినవి. ఈ ఫలితము 2000 సంవత్సరమున ప్రకటింపబడినది. కాబట్టి ఇవి లెక్కించునది దినములను గాదు; చెట్టు చిగిర్చి పూచిన మారులను. ఆ లెక్క కట్టు చిట్టా పురుగు దేహమున ఎచ్చట నున్నదో నేటికిని తేలలేదు.

వీని రాకను ఓపికతో కనిపెట్టిన వారిలో బెంజమిన్ బానెకర్ యను నతడు నాకు మిక్కిలి నచ్చినాడు. అతడు మేరీలాండున 1731లో జన్మించిన ఆఫ్రికా సంతతి రైతు. గణితమును, ఖగోళమును చాలవరకు స్వయముగా నేర్చి పంచాంగములు ప్రకటించెను. 1749లో ఈ పురుగులను మొదటిమారు చూచి, పంట తినివేయునని భయపడి చంపబూనెను. అది వృథాశ్రమ యని త్వరలోనే గ్రహించెను. 1766లోను, 1783లోను మరల చూచి, 1800లో తిరిగి రాగలవని తన పుస్తకమున వ్రాసికొనెను. ఆ వంశపువే 2021లో వాషింగ్టన్ పరిసరములందు వెలువడినవి.

చంపుట వృథాశ్రమ యగుటలోనే వీని బ్రదుకు రహస్యమంతయు నున్నది. ఈ పురుగు కరవదు, కుట్టదు, విషము లేదు, పారిపోవుట చేతకాదు. పక్షులు, ఉడుతలు, కుక్కలు సైతము కడుపార తినును. అయినను ఎకరమునకు పదునైదు లక్షల దాక లేచినప్పుడు తినువారి ఆకలి తీరును గాని పురుగులు తీరవు. వర్తకుని మాటలో చెప్పవలెనన్న, తరుగును ముందే లెక్కవేసికొని దింపిన సరకు. 2021లో వాషింగ్టన్ చుట్టుపట్ల పక్షులు వీనికి మరిగి గొంగళిపురుగులను విడిచిపెట్టగా, అవి పెచ్చుపెరిగి ఓక్ చెట్ల ఆకులను మరింతగా తినివేసినవని పరిశోధకులు కనుగొనిరి. 13, 17 ప్రధాన సంఖ్యలగుటచే రెండు మూడేండ్ల కొకమారు పెరుగు శత్రువులతో వీని గడువు కలియదని కొందరి వాదము. వినుటకు ముచ్చటగా నున్నది గాని నిరూపణ కాలేదు. ఒక 13 ఏండ్ల దండును, ఒక 17 ఏండ్ల దండును 1803 తరువాత 2024లో ఒకే వసంతమున లేచినవి. ఆ రెండును మరల కలియుట 2245లో.

సంఖ్యయే బలమైన వానికి సంఖ్య తగ్గుటయే మృత్యువు. ఒక్కొక్క ప్రాంతమున ఒకే యేట లేచు సమూహమును దండు అనుకొందము. మార్లట్ అను శాస్త్రజ్ఞుడు 1890ల ప్రాంతమున వీనికి వరుస సంఖ్యలు వేసెను. నేడు మిగిలినవి పదునైదు. ఇరువదియొకటవ దండు 1870 తరువాత కానరాలేదు. కనెక్టికట్ రాష్ట్రపు పదునొకటవ దండు 1954లో కడసారి కనబడినది; 1971లో గడువు వచ్చినది గాని దండు రాలేదు. చెట్టు నరికి నేల చదును చేసినచో దాని వేళ్లపై నున్న పిల్లలు ఆకలితో చచ్చును. ఆ చావును చూచువారు లేరు. అటుపై కొద్దిపాటి పురుగులు మిగిలి లేచినను పక్షులకు అవి ఒక పూట భోజనమే. ఇవి దూరమెగిరి వేరొక వనమును చేరజాలవు.

ఇప్పుడు అన్నిటికన్న చిన్నది ఏడవ దండు. న్యూయార్క్ రాష్ట్రపు నడిమి భాగమున కొద్ది జిల్లాలలోనే యున్నది. చాల దండులందు ఒకటికన్న ఎక్కువ జాతులుండగా ఇందు మిగిలినది ఒక్కటే. ఆ నేల ఓనండాగా యను ఆదిమవాసులది. 1779లో అమెరికా సైన్యము వారి ఇండ్లను, పంటను నాశనము చేసినది. ఆ మరుసటి యేడు, అనగా 1780, ఈ దండునకు గడువు. తిండి లేని ఆ కాలమున ఈ పురుగులే తమ పెద్దలను బ్రదికించినవని ఓనండాగా వారు తరతరములుగా చెప్పుకొందురు. అందుచే దండు లేచినప్పుడెల్ల పెద్దలును పిల్లలును కలిసి వీనిని ఏరి, వండి, ఆ కరవును తలచుకొని తిందురు. 2018లోను అట్లే చేసిరి. ఆ యేట పెట్టిన గ్రుడ్ల నుండి రాలిన పిల్లలు ఇప్పుడు అక్కడి చెట్లవేళ్లను పట్టుకొని యున్నవి. వాని గడువు 2035.