చల్లపల్లి రాజావారి ‘మాలపిల్ల’, మా అటెండరుగారు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ‘సినిమా మీద మాట్లాడండి, సాహిత్యం మీద మాట్లాడండి, డి.ఏ. బకాయిల జోలికి మాత్రం వెళ్ళకండి, అవి నావి’ అన్నారు. సంతోషం. ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టి 2009లో బయటపడ్డవాణ్ణి. నోట్ ఫైలు రాయడం తప్ప ఉపన్యాసం ఇవ్వడం చేతకాదు. తప్పులుంటే మన్నించండి.

ఈ ప్రసంగానికి కారణం మా మనవడు. వాడు ఒకరోజు ‘తాతయ్యా, నీలాంటి ఆఫీసు కథ ఒకటుంది చూడు’ అని ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా చూపించాడు. 2018లో వచ్చింది. వెంకటేష్ మహా అనే కుర్రాడు తీశాడు. విశాఖపట్నంలోని కంచరపాలెం మనుషులనే తీసుకొచ్చి కెమెరా ముందు నిలబెట్టాడు. హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు, అంతా ఒకే పేటలో బతికేవాళ్ళు. అందులో పెళ్ళికాని నడివయసు అటెండరు ఒకాయన, ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరమ్మ ఒకావిడ. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఇష్టపడతారు. మన సర్వీసులో అటెండరూ ఆఫీసరూ ఒకరి ఎదురుగా ఒకరు కుర్చీలు వేసుకు కూర్చోవడం ఎవరైనా చూశారా? నేనైతే చూడలేదు. మిగతా కథ చెప్పను. చివర్లో ఒక మెలిక ఉంది, చూడనివాళ్ళు చూడండి.

సినిమా అయ్యాక మనవడు ‘ఇట్లాంటివి మీ కాలంలో లేవు కదా’ అన్నాడు. నాకు రోషం వచ్చింది. ‘మా కాలం దాకా ఎందుకురా, మా నాన్న కాలంలోనే తీశారు, అదీ మన దివితాలూకా డబ్బుతో’ అన్నాను. వాడు ఫోనులో వెతికి పట్టుకున్నాడు. అదే ‘మాలపిల్ల’.

మన ప్రాంతానికీ తెలుగు సినిమాకూ బీరకాయ పీచు చుట్టరికం కాదు, రక్తసంబంధమే. తెలుగు సినిమాకు పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869లో మన బందరులోనే పుట్టారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపి, బొమ్మల మిషను కొని ఊరూరా చూపించి, గెయిటీ థియేటరు కట్టించి, కొడుకు ప్రకాష్‌ని ఆ విద్య నేర్చుకు రమ్మని సీమకు పంపించారు. ఆ తండ్రీకొడుకులే 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీశారు. అందులో గంగగా వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి. గంగమ్మ తల్లికి తెలుగు రాకపోయినా ఇబ్బంది లేకపోయింది, మూకీ కదా! తరువాత అక్కినేని వారు, ఘంటసాల వారు గుడివాడ పక్క పల్లెల నుంచి, ఎన్టీఆర్ నిమ్మకూరు నుంచి వెళ్ళారు. ఇవన్నీ మీకు కంఠతా వచ్చిన విషయాలే.

తెలుగులో మాటలు వినిపించిన మొదటి బొమ్మ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. అప్పటినుంచి కొన్నాళ్ళపాటు తెర మీద ఎటు చూసినా దేవుళ్ళూ రాక్షసులే. నాటకం కంపెనీ పద్యాలే. సాంఘిక చిత్రం అన్నది అరుదు. సరిగ్గా ఆరేళ్ళు గడిచేసరికి, 1938లో, పేరులోనే కులం పెట్టుకుని ‘మాలపిల్ల’ వచ్చింది. ఆరేళ్ళ పిల్ల లాంటి పరిశ్రమ ఎంత మాట పలికిందో చూడండి.

దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మంగారు మన కృష్ణాజిల్లా నందమూరులో పుట్టినవారు. ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపిన పాత్రికేయుడు. డబ్బు పెట్టింది సారథి ఫిలిమ్స్. దాని వెనక ఉన్నవారు చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్‌గారు. కథ చలంగారిది. మాటలు రాసింది తాపీ ధర్మారావుగారు. ఆ మాటలు గ్రాంథికంలో లేవు, మనుషులు మాట్లాడుకునే తెలుగులో ఉన్నాయి. అప్పటికి ఐదేళ్ళ కింద కన్నుమూసిన బసవరాజు అప్పారావుగారి పాటలు కూడా వాడుకున్నారు. సంగీతం భీమవరపు నరసింహారావుగారు. ఛాందస శాస్త్రిగా డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారు వేశారు. ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లుగా మీరంతా చూసింది ఆయన్నే. మాలపిల్ల శంపాలతగా కాంచనమాల. ఆవిడ కళ్ళ గురించి మా నాన్న డెబ్భై ఏళ్ళప్పుడు కూడా మా అమ్మ ముందు మాట్లాడేవాడు కాదు. దాన్నిబట్టి మీరే ఊహించుకోండి.

కథ ఒక ఊరు. గుడి ధర్మకర్త శాస్త్రిగారు ఒక పక్క, హరిజనులను గుడిలోకి, చెరువు దగ్గరికి రానివ్వాలనే చౌదరయ్య అనే గాంధేయవాది మరో పక్క. (హరిజనులు అన్నది ఆనాటి మాట, సినిమాలో మాట కనుక అంటున్నాను.) శాస్త్రిగారి అబ్బాయి నాగరాజు శంపాలతను ప్రేమిస్తాడు. ఊళ్ళో బతకనివ్వరని కలకత్తా వెళ్ళిపోతారు. ఇక్కడ ఊరికి నీళ్ళ తగాదా, పని తగాదా. చివరికి అగ్నిప్రమాదంలో చిక్కుకున్న శాస్త్రిగారి భార్యను ఒక హరిజనుడు కాపాడతాడు. శాస్త్రిగారి మనసు కరుగుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి, పెళ్ళికి దీవెన దొరుకుతుంది.

ఇది ఊసుపోక తీసిన కథ కాదు. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చింది 1936లో. మన మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టబద్ధత వచ్చింది 1939లో. ఈ రెంటికీ మధ్య వచ్చిన బొమ్మ ఇది. అంటే జీవో రాకముందే డ్రాఫ్టు పెట్టారన్నమాట!

బ్రాహ్మణులకు టిక్కెట్టు ఉచితం అని ప్రకటన వేశారనీ, చూసొచ్చినవాళ్ళు తలస్నానం చేసి ఇంట్లోకి వెళ్ళారనీ చెప్పుకునేవారు. మేము బ్రాహ్మలం కాకపోయినా ఆ తలస్నానం మా ఇంట్లో జరిగింది. మా నాన్నకు అప్పటికి పదమూడేళ్ళు. మేనమామ వెంట బండి కట్టుకుని బందరు వెళ్ళి బొమ్మ చూసి తెల్లారుజామున ఇంటికొస్తే, మా నాయనమ్మ గుమ్మంలోనే ఆపి నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించిందట. ‘బొమ్మనే కదమ్మా చూసింది, ముట్టుకోలేదు కదా’ అన్నందుకు ఇంకో చేద పడిందట. ఈ కథ మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. నేనూ చాలాకాలం నవ్వుతూనే విన్నాను.

మరుసటి ఏడాది, 1939లో, అదే కంపెనీ ‘రైతుబిడ్డ’ తీసింది. అప్పటికే టంగుటూరి ప్రకాశంగారి అధ్యక్షతన జమీందారీల మీద విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. ఆ వేడిలో వచ్చిన సినిమా. కూర్చిన మనుషులను చూడండి. బళ్ళారి నుంచి ప్లీడరు రాఘవగారు, రాజమండ్రి పిల్ల టంగుటూరి సూర్యకుమారి, మన కూచిపూడి నుంచి వేదాంతం రాఘవయ్యగారు, రచనకు మన అంగలూరు త్రిపురనేని గోపీచంద్‌గారు, రైతు పాటలకు కొసరాజుగారు. జమీందార్ల దౌర్జన్యం మీద సినిమా తీయడానికి జమీందారే పెట్టుబడి పెట్టడం విడ్డూరం. మిగతా జమీందార్లకు మండింది, చివరికి ప్రదర్శన ఆపించేదాకా వెళ్ళింది. అలాగని చల్లపల్లి ఎస్టేటులో అంతా సవ్యంగా ఉందని కాదు. తరువాతి దశాబ్దంలో కమ్యూనిస్టులు ఆ ఎస్టేటు భూముల మీదే పెద్ద పోరాటం నడిపారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఆ పాత ఎస్టేటు గ్రామాల అడంగళ్ళు తిరగేసిన గుమాస్తాలు ఈ హాల్లో నాతోపాటు పదిమందైనా ఉంటారు. ఆ చేతిరాతలు తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు లాగుతాయి. రామబ్రహ్మంగారు ‘పల్నాటి యుద్ధం’ తీస్తూ 1946లో పోయారు, ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తిచేశారు. సారథి వారు 1955లో ‘రోజులు మారాయి’ తీశారు. అది తీసింది ధర్మారావుగారి అబ్బాయి చాణక్య. వహీదా రెహమాన్ నృత్యం దానిలోదే.

రోజులు మారాయో లేదో ఇప్పుడు చెబుతాను.

నేను 1973లో అప్పటి దివి తాలూకాలో ఒక ఆఫీసులో చేరాను. ఏ ఆఫీసో అనవసరం. అక్కడ అటెండరు ఒకాయన ఉండేవారు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పేటలో మనిషి. నేను ‘ఏమయ్యా’ అనేవాణ్ణి, ఆయన ‘బాబుగారూ’ అనేవారు. ఆఫీసు కుండలో నీళ్ళు ఆయన పోయకూడదు, వాచ్‌మన్ పోసేవాడు. ఆయన తాగే సత్తుగ్లాసు వెనక కిటికీలో బోర్లించి ఉండేది. ఎవరూ మెమో ఇవ్వలేదు, ఏ ఫైల్లోనూ లేదు. నేను చేరేనాటికే అది అక్కడ ఉంది. నేనూ దాన్ని అక్కడినుంచి తీయలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ వాళ్ళకు ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు. నేను అద్దెగదిలో ఒక్కణ్ణే ఉన్నాను, గాలికి పెంకులు లేచిపోతున్నాయి. ఆయన పెళ్ళాం బిడ్డలను స్కూలు డాబా మీదికి చేర్చి, మళ్ళీ నా కోసం వచ్చి, నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. రెండు రాత్రులు ఆ డాబా మీద ఉన్నాం. ఆయన భార్య తెచ్చిన తడిసిన బియ్యం నానబెట్టుకుని, ఒకే గిన్నెలోంచి తిన్నాం. ఆవిడే మొదట నాకు పెట్టింది. ఆ తరువాత రిలీఫ్ డ్యూటీలు. శవాల లెక్కలు, బియ్యం లెక్కలు. ఆ రోజుల్లో కుండలో నీళ్ళు ఎవరు పోశారో ఎవరూ అడగలేదు. ఆయనే పోశారు.

సంక్రాంతి దాటింది. పాత స్టాఫు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒకరోజు చూస్తే సత్తుగ్లాసు మళ్ళీ కిటికీలో ఉంది. ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆయనే పెట్టుకున్నారేమో కూడా. నేను చూశాను, చూసి నా సీటులో కూర్చున్నాను.

ఆ తరువాత ఇద్దరం ఎక్కడెక్కడో తిరిగాం. మనవడి ఫోనులో ‘మాలపిల్ల’ చూసిన వారంలో, నాకేం తోచిందో, వాణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి నాగాయలంక వైపు ఉన్న వాళ్ళ పేటకు వెళ్ళాను. సర్వీసులో ఉన్నప్పుడు ఒక్కసారీ వెళ్ళలేదు. ఆయనకు చూపు మందగించింది, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. కాంచనమాల వచ్చినప్పుడు కాస్త దూరం జరిపి చూశారు. సినిమా అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ‘ఆ అగ్గి అంటుకోకపోయుంటే శాస్త్రిగారు ఏం జేసుండేవోరంటారు బాబుగారూ?’ అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. ఆయనే ‘మనకి గాలివాన వచ్చింది గదండీ’ అని నవ్వారు. ఆవిడ స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. నాలుగు గ్లాసులూ ఒక్క సెట్టులోవే.

రామబ్రహ్మంగారంటే నాకు గౌరవం తగ్గలేదు. ఆ రోజుల్లో అంత మాట తెర మీద పెట్టడం గుండె ఉన్న పని. కాని ఆ ముగింపు నాకు ఇప్పుడు మింగుడు పడటం లేదు. కంచరపాలెం అబ్బాయి తన కథలో అగ్గి పెట్టలేదు.

ఆయన పోయిన ఏడాది కాలం చేశారు. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.

ఆవిడకు కుటుంబ పెన్షను ఇంకా మొదలు కాలేదు. సర్వీసు రిజిస్టరులో ఒక పేరుంది, ఆధారులో, బ్యాంకులో ఇంకో పేరుంది. కాగితాలు తిరిగొచ్చాయి. నేను వెళ్ళి ఆ రిజిస్టరు నకలు తెప్పించి చూశాను. కుటుంబ వివరాల పేజీలో రాత నాది. 1979లో నేనే నింపాను. ఆయన ఇంట్లో ఆవిణ్ణి పిలిచే ముద్దుపేరు నా చెవిన పడి ఉంటే అదే రాసేశాను. చర్చిలో పెట్టిన అసలు పేరు వేరే ఉంది. ‘మీ ఆవిడ పూర్తి పేరేమిటి’ అని ఒక్క మాట అడగలేదు. రెండు రాత్రులు నాకు అన్నం పెట్టిన మనిషి పేరు నాకు తెలియదు.

రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అఫిడవిట్టు తయారైంది. సాక్షులు ఇద్దరు కావాలి, ఆ రోజుల్లో ఆయనతో పనిచేసినవారైతే మంచిదన్నారు. ఒక సంతకం నేను పెట్టాను. 1973కూ 1985కూ మధ్య దివి తాలూకాలో పనిచేసి, ఆయన్ను ఎరిగినవారు ఈ హాల్లో ఉంటే, భోజనాలకు లేవకముందే నన్ను కలవండి. కాగితం నా సంచిలోనే ఉంది. ఆవిడ కుడివైపు మూడో వరుసలో, వాళ్ళ అబ్బాయి పక్కన కూర్చుని ఉన్నారు.