నొప్పి అని చెప్పలేని నోరు

(మల్దకల్‌లో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ కూలిరేట్ల గురించీ, సీడు పత్తి చేలల్లో ఆడపిల్లల చాకిరి గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు పళ్ళ గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నవ్వినా ఫర్వాలేదు. పన్ను నొప్పి వచ్చిన రాత్రి ఎవరికీ నవ్వు రాదు. మనకు నోరుంది కాబట్టి అమ్మా అని అరుస్తాం, లవంగం నొక్కిపెట్టుకుంటాం, తెల్లారితే గద్వాల బస్సెక్కుతాం. మరి ఆటిజం ఉన్న పిల్లకో, పిల్లవాడికో ఆ నొప్పి వస్తే ఏం జరుగుతుంది?

ఈ పిల్లల్ని మన ఊళ్ళలో మొండి అంటారు, మందబుద్ధి అంటారు, గాలి సోకింది అంటారు. ఆటిజం గాలీ కాదు, అంటుకునే రోగమూ కాదు. మెదడు ఎదుగుదలలోనే ఉన్న తేడా. కొందరికి మాటలు రావు. కొందరికి వచ్చినా, తన కష్టం చెప్పుకోవడానికి ఆ మాటలు సాయపడవు. చప్పుడు, వెలుతురు, వాసన, ఒంటి మీద చెయ్యి పడటం, ఇవేవీ మనకు తగిలినట్టు వాళ్ళకు తగలవు. తిమ్మప్ప జాతరలో మైకు పక్కన నిలబడితే మనకెట్లా ఉంటుందో, కుక్కరు కూతకే వాళ్ళకు అట్లా ఉండొచ్చు. అదే పిల్ల వేడి పెనం ముట్టుకున్నా ఏడవకపోవచ్చు. నొప్పి లేక కాదు, అది మనకు తెలిసే దారిలో బయటికి రాదు.

ఈ మండలంలోనే నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. పేరు చెప్పను. ఆమె కొడుకుకు తొమ్మిదేళ్ళు, మాటలు లేవు. ఉన్నట్టుండి జొన్నరొట్టె ముట్టడం మానేశాడు. మెత్తగా పిసికిన పెరుగన్నం తప్ప ఏం పెట్టినా విసిరికొట్టేవాడు. తర్వాత పిడికిలితో తన దవడను తానే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి నిద్ర లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. తాయెత్తు కట్టించారు. ఒక డాక్టరు నిద్రమందు రాశాడు. మూడు నెలలు గడిచాక ఒకరోజు వాడు ఆవలిస్తుంటే నాయనమ్మ చూసింది. కింది దవడ పన్ను సగం లేదు, చిగురు వాచి చీము పట్టింది. మూడు నెలలుగా వాడు చెప్తూనే ఉన్నాడు, పిడికిలితో.

అప్పుడు పట్నంలో ఒక ప్రైవేటు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. రెండు గంటలు కూర్చోబెట్టి, ఆ తర్వాత నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుని మిషను ఆన్ చేశారు. వాడు డాక్టరు వేలు కొరికాడు. "ఇట్లాంటి వాళ్ళకు మేం చెయ్యలేం, అసలు నువ్వు రోజూ తోమితే ఇంతదాకా వచ్చేదా?" అని తల్లిని తిట్టి పంపేశారు. ఇప్పుడు వాడు తెల్లకోటు కనిపిస్తేనే కిందపడి దొర్లుతాడు. ఆ దవాఖాన పేరు నాకు ముఖ్యం కాదు. అట్లాంటి గది ఎక్కడైనా ఉండొచ్చు.

తల్లిని తిట్టడం కొత్తేమీ కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లల గురించి రాసి ఆటిజం అనే మాటకు ఇప్పటి అర్థం తెచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా, తల్లి ప్రేమ చల్లారిపోవడం వల్లే బిడ్డ ఇట్లా అయ్యాడని పుస్తకాలు రాశారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో కూడా అదే రాశాడు. అంతకు మూడేళ్ళ ముందే, ఆటిజం ఉన్న కొడుకు తండ్రి బెర్నార్డ్ రిమ్లాండ్ అది తప్పని పుస్తకం రాసి ఉన్నాడు. తర్వాత కవలల మీద పరిశోధనలు జరిగి, ఇందులో పుట్టుకతో వచ్చేదే ఎక్కువని తేలింది. శాస్త్రం ఆ మాట వదిలేసి అయిదు దశాబ్దాలు కావస్తున్నా, అత్తగారింట్లో, దవాఖానలో అదే మాట నడుస్తోంది. తండ్రిని మాత్రం ఏ డాక్టరూ "నువ్వు తోమావా?" అని అడిగినట్టు నేను వినలేదు.

ఈ పిల్లల పళ్ళు పాడవడానికి కారణాలు అడుగడుగునా ఉన్నాయి. చాలామంది అన్నం ముద్దను మింగకుండా బుగ్గలో గంటలకొద్దీ పెట్టుకుంటారు. మెత్తనివి, తియ్యనివి మాత్రమే తింటారు. మందులు తియ్యటి సిరపులు. ఫిట్స్ కూడా ఉండి ఫెనిటాయిన్ వాడే పిల్లలకు చిగుళ్ళు పెరిగి పళ్ళను కప్పేస్తాయి. పళ్ళు కొరుక్కునే అలవాటు ఉంటే అవి అరిగిపోతాయి. ఇంకొకటి కూడా చెప్పాలి. మాట నేర్పే చోట, కూర్చోవడం నేర్పే చోట, చెప్పింది చేస్తే ఒక చాక్లెట్ చేతిలో పెడతారు. చదువు చెప్పేవాళ్ళే పళ్ళు పాడు చేస్తే ఎట్లా? చాక్లెట్ బదులు పిల్లకు ఇష్టమైన ఆటవస్తువు ఇవ్వొచ్చు, రెండు నిమిషాలు ఊయల ఊపొచ్చు.

తోమడం గురించి అడిగారు. పేస్టు నురగే పడని పిల్లలుంటారు. వాళ్ళకు ముందు తడిగుడ్డ చుట్టిన వేలితో చిగుళ్ళు రుద్దడం, కొన్నాళ్ళకు ఉత్తి బ్రష్షు, ఆ తర్వాత పేస్టు. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, తర్వాత బఠాణీ గింజంత చాలు. అది ఫ్లోరైడ్ ఉన్న పేస్టు కావాలి. ఎదురుగా కాదు, వెనకాల నిలబడి, తలను పొట్టకు ఆనించుకుని తోమండి. రోజూ అదే చోట, అదే వరసలో, పది దాకా లెక్కపెడుతూ. పది అనగానే నిజంగా ఆపెయ్యాలి. ఎప్పుడు ఆగుతుందో తెలిస్తే పిల్ల ఓర్చుకుంటుంది. రాత్రి తోమడం పొద్దున కంటే ముఖ్యం. కానీ పొద్దంతా చేలో క్రాసింగ్ చేసి, ఇంటికొచ్చి వంట చేసి, గిన్నెలు కడిగిన మనిషిని ఇది కూడా నువ్వే చెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఇది తండ్రి పని కావచ్చు, కావాలి. అక్క పని మాత్రం కాకూడదు. తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానిపించిన ఆడపిల్లల్ని నేను చూశాను.

పన్ను పుచ్చిన తర్వాత ఏమిటి? మిషను చప్పుడు లేకుండా చేసే వైద్యాలున్నాయని మనకు చెప్పేవాళ్ళు తక్కువ. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే చుక్కమందు ఉంది. పుచ్చిన చోట చిన్న కుంచెతో రాస్తే పుచ్చు ముదరడం చాలావరకు ఆగుతుంది. సూది లేదు, డ్రిల్లు లేదు. పుచ్చిన భాగం నల్లబడుతుంది, అది ముందే చెప్పాలి. "ఆడపిల్లకు నల్లపన్ను ఉంటే రేపు పెళ్ళెట్లా?" అని ఒక తల్లి అడిగింది. పెళ్ళికి ముందు ఆ పిల్ల రాత్రి నిద్రపోవాలి కదమ్మా అన్నాను. రెండోది, చేతి పనిముట్లతోనే పుచ్చును గీకి గ్లాస్ అయనోమర్ సిమెంటుతో పూడ్చడం. 1980లలో టాంజానియాలో, కరెంటు లేని ఊళ్ళ కోసం తయారైన పద్ధతి అది. కరెంటు లేని ఊరికి పనికొచ్చింది చప్పుడు పడని పిల్లకూ పనికొస్తుంది. ఆ చుక్కమందునూ, ఈ సిమెంటునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

చీము పట్టిన పన్నుకు ఇవి చాలవు. అప్పుడు పెద్ద దవాఖానలో, మత్తు డాక్టరు ఉండగా పూర్తి మత్తిచ్చి, చెయ్యాల్సిన పళ్ళన్నీ ఒకేసారి చేస్తారు. నలుగురు పట్టుకుని చెయ్యడం కంటే అది వెయ్యింతలు నయం.

దానికోసం మనం ఎక్కడికి పోవాలి? హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గద్వాల నుంచి రెండు వందల కిలోమీటర్లకు దగ్గర దగ్గర. చప్పుడు పడని పిల్లతో బస్సులోనో కాచిగూడ రైలులోనో పోవడం ఎట్లా ఉంటుందో పోయినవాళ్ళకు తెలుసు. కర్నూలు దగ్గరే, కానీ 2014 జూన్ 2 తర్వాత అది వేరే రాష్ట్రం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొట్టమొదటి మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. అయితే అది గుండె, కాన్సరు లాంటి ఖరీదైన జబ్బుల కోసం పుట్టిన పథకం. పిప్పిపన్నును పట్టించుకోవడానికి పుట్టింది కాదు.

చట్టం చూద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో దాన్ని చేర్చింది. ఆ చట్టం 25వ సెక్షన్ మూడు మాటలు చెప్తుంది. దగ్గరలో, ముఖ్యంగా గ్రామాల్లో, ప్రభుత్వం చెప్పిన ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం. ప్రభుత్వ దవాఖానైనా ప్రైవేటుదైనా అన్ని భాగాల్లోకీ అడ్డంకి లేని ప్రవేశం. చూడటంలో, వైద్యం చెయ్యడంలో ప్రాధాన్యం. అడ్డంకి అంటే అందరికీ మెట్లే గుర్తొస్తాయి, ర్యాంపు కట్టి ఫోటో దిగుతారు. మన పిల్లలకు అడ్డంకి రెండు గంటల క్యూ, కళ్ళలో లైటు, చెవిలో డ్రిల్లు. ఆ పిల్లవాడిని రెండు గంటలు కూర్చోబెట్టినప్పుడే, కుర్చీ ఎక్కకముందే, ఆ మూడో మాట తప్పిపోయింది.

నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది. పళ్ళు పాడవకుండా చేసే వైద్యం కూడా అందులో ఉంది. వైకల్య ధ్రువపత్రం ఉంటేనే అది వస్తుంది, కాబట్టి పత్రం లేనివాళ్ళు ముందు ఆ పని చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. వాళ్ళు చూడాల్సిన జాబితాలో పుచ్చిపళ్ళున్నాయి. అయితే బడికి రాని పిల్లను ఆ బృందం ఎట్లా చూస్తుంది? మన పిల్లల్లో చాలామందిని బడే రావద్దంటోంది కదా. అందుకని వాళ్ళొచ్చే రోజు ముందుగా అంగన్‌వాడీ టీచరునడిగి తెలుసుకుని, ఇంట్లో ఉన్న పిల్లల్ని మనమే చూపించాలి.

అర్జీలో రాయాల్సింది ఎక్కువ లేదు. గద్వాల జిల్లా దవాఖానలో నెలకు ఒక పూట ఈ పిల్లలకే కేటాయించాలి, వరసలో కూర్చోబెట్టకుండా టైము చెప్పి పిలవాలి. మొదటి రెండుసార్లు నోరు ముట్టకుండా ఆ కుర్చీ ఎక్కి దిగడానికే రానివ్వాలి. ఆ చుక్కమందూ సిమెంటూ అక్కడ ఉంచాలి. మత్తు అవసరమైన పిల్లల్ని నెలకోసారైనా అక్కడే చెయ్యాలి, లేదా హైదరాబాద్‌కు బండి ఇచ్చి పంపాలి. ఆ రోజు తల్లి పోగొట్టుకునే కూలి సంగతి కూడా రాద్దాం. వాళ్ళు కొట్టేస్తే కొట్టెయ్యనీ, కాగితం మీదైనా ఉండాలి.

సోమవారం ప్రజావాణికి పోదాం. తల్లులు రండి, తండ్రులనూ వెంటబెట్టుకు రండి. పిల్లల్ని మాత్రం తీసుకురావద్దు, అక్కడి క్యూ కూడా పెద్దదే.