ఖుర్బానీ తరువాత మిగిలేది

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! బక్రీద్ సమీపిస్తున్నది. జంతువు ఎంపికలో, మాంసం పంపకంలో మనం ఎంతో శ్రద్ధ వహిస్తాము. కానీ నెత్తురు, పేగులు, పొట్టలోని అరగని మేత ఎక్కడికి పోతున్నాయి? మురుగు కాలువలోకి. మరునాటికి ఆ దుర్గంధం పొరుగువాని ఇంట్లోకి ప్రవేశిస్తుంది. ఆరాధన మనది, బాధ అతనిది!

మదరసాలో హిదాయా పాఠం చదివేటప్పుడు పేడ అమ్మకం ధర్మసమ్మతమా అన్న చర్చ వచ్చింది. మేము లోలోపల నవ్వుకున్నాము. ఇమామ్ షాఫిఈ (రహ్మతుల్లాహి అలైహి) దానిని అనుమతించలేదు. మన హనఫీ పండితులు అనుమతించారు. పంట పెరగడానికి ప్రజలు దానిని నేలకు వేస్తారు గనుక అది ప్రయోజనం గల వస్తువే అన్నారు. ఆ మాటలోని లోతు ఈ వయసుకు గాని మాకు బోధపడలేదు. అటువంటి ఎరువుతో పండిన ధాన్యం తినడంలోనూ దోషం లేదు.

మన అనంతపురం ప్రాంతపు ఎర్రనేలలకు వాన తక్కువ, సత్తువా తక్కువే. ఎండిన నెత్తురులో 10 నుండి 12 శాతం నత్రజని ఉంటుంది. ఎముకల పొడిలో భాస్వరం సమృద్ధిగా ఉంటుంది. రైతు బస్తాల లెక్కన కొనేదానినే మనం కాలువలో పోస్తున్నాము.

హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచేవారిని గమనించండి. పురుగుల రెట్టను, తినగా మిగిలిన మల్బరీ ఆకును గుంతలో మాగనిచ్చి తిరిగి మల్బరీ తోటకే వేస్తారు. ఆ తోట ఆకే చివరికి పట్టుదారమై ధర్మవరం మగ్గం ఎక్కుతుంది. (పట్టు ధరించడం మన పురుషులకు నిషిద్ధమే, ఆ పొదుపు నేర్చుకోవడం నిషిద్ధం కాదు.)

మనమూ అలాగే చేయవచ్చు. బావులకు, బోర్లకు దూరంగా లోతైన గుంత తవ్వాలి. అడుగున ఎండుటాకులు, వేరుశనగ పొట్టు దండిగా పరచాలి. దానిపై పేగులు, మేత, నెత్తురు వేసి మళ్ళీ పొట్టు కప్పాలి. కుక్కలు తవ్వకుండా పైన మూరెడు మట్టి వేయాలి. ప్లాస్టిక్ సంచులు, తోళ్ళకు పట్టించే ఉప్పు అందులో పడకూడదు. ఉప్పు నేలను చెరుస్తుంది. కొన్ని నెలలకు వాసన పోయి, నల్లని మట్టిలా మారిన తరువాతే పొలానికి తీయాలి. పెనుకొండ బాబయ్య దర్గాలో వాడిన పూలకు కూడా కాలువ కంటే ఇటువంటి గుంతే మర్యాద.

పండుగకు వారం ముందే గుంతలు సిద్ధం కావాలి. ఊరి వెలుపల పొలం ఉన్నవారు నమాజు తరువాత మాతో మాట్లాడండి. ఎరువు తీసుకొనే రైతు ఏ మతస్థుడైనా సరే, అతని వద్ద వెల అడగవద్దు.