కుక్క చెప్పు మాట
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



కుక్కలను గురించి మాట్లాడుటకు మేము వచ్చితిమని విని మీలో కొందరు నవ్వుకొనియుందురు. మంచినీళ్లు, మురుగుకాల్వలు, వీధిదీపములు, ఇంటిపన్నులు, ఇన్ని పనులుండగా కుక్కల ప్రసంగమేమిటని తోచుట సహజమే. మాకును మొదట అట్లే తోచినది. గత చలికాలమున ప్రచారకార్యక్రమమునకై ఒక గ్రామమునకు వెళ్లినప్పుడు చూచిన సంగతి మా అభిప్రాయమును మార్చినది.

ఆ ఊరిలో ఎనిమిదేండ్ల బాలుని బడిగోడ ప్రక్కన ఒక కుక్క పిక్కపై కరచినది. ఇంటివారు గాయమునకు సున్నము, కారము అద్ది గుడ్డ చుట్టిరి. ఊరివారు రచ్చబండ వద్ద చేరి, కుక్కలన్నిటికిని విషము పెట్టవలెనని తీర్మానించుటకు సిద్ధమై యుండిరి. "చెప్పాపెట్టక కరచినది" అని అందరిదియు ఒకటే మాట. మేము బాలుని దగ్గర కూర్చుండి మెల్లగా అడిగితిమి. బంతి గోడప్రక్కకు దొర్లినదట. అక్కడ కుక్క తన పిల్లలతో పడుకొని యున్నదట. వీడు చేరువకు పోగా అది ఒళ్ళు బిగబట్టి కదలక చూచినది, పెదవి పైకెత్తి పండ్లు కనబరచినది, గుర్రుమన్నది. "నవ్వుతోందనుకున్నానండీ" అన్నాడు వాడు.

అయ్యా, ఆ కుక్క మూడు మారులు చెప్పినది. చిన్నపిల్లలు కోరలు చూపు కుక్కముఖమును చూచి నవ్వుముఖమని భ్రమపడుదురని పరిశోధకులు కనుగొనియున్నారు. కావున ఆ బాలునిది తప్పనుటకు వీలులేదు. వానికి ఎవరును నేర్పలేదు. పెద్దలమైన మనకు మాత్రము ఎంత తెలియును?

కుక్క భాష దాని దేహమే. 1872లో ఛార్లెస్ డార్విన్ మనుష్యుల, జంతువుల భావప్రకటనమును గూర్చి వ్రాసిన గ్రంథమున కుక్కనే ఒక ముఖ్యోదాహరణముగా గ్రహించినాడు. పగతో వచ్చు కుక్క నిటారుగా, బిగుసుకొని నడచును. తోక పైకి నిలుపును. మెడమీదను వీపుమీదను వెంట్రుకలు నిక్కబొడుచును. చూపు ఒక్కచోట నాటుకొనును. ఆ కుక్కయే తన యజమానిని గుర్తుపట్టిన క్షణమున ఒళ్ళంతయు వదులై, వంగి, మెలికలు తిరుగుచు, చెవులు వెనుకకు వాల్చి తోక ఆడించును. భయపడిన కుక్క తోకను కాళ్ల సందున ముడుచుకొని, ముఖము త్రిప్పికొని, కనుకొలకులలో తెల్లగ్రుడ్డు కనబడునట్లు ఓరగా చూచును. పారిపోవుటకు దారిలేని చోట ఇట్టి పిరికి కుక్కయే ముందుగా కరచును. గోడమూలకు తరిమి కర్ర ఎత్తువారు ఈ సంగతి మరువరాదు.

తోక ఆడించినదెల్ల స్నేహమే యనుకొనుట మనలో చాలామందికి గల పొరపాటు. తోక ఊపుటకు అర్థము ఉద్రేకమే. అది సంతోషము కావచ్చును, కలవరము కావచ్చును. 2007లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు ముప్పది కుక్కలను పరీక్షించి, యజమానిని చూచినప్పుడు తోక దాని కుడివైపునకు హెచ్చుగా ఊగుననియు, ఎదిరించు క్రొత్త కుక్కను చూచినప్పుడు ఎడమవైపునకు హెచ్చుగా ఊగుననియు ప్రకటించిరి. వీధిలో నిలిచి కుడియెడమలు లెక్కించుట మనకు సాధ్యము కాదు గాని, ఒళ్ళు వదులుగా నున్నదా, బిగుసుకొన్నదా అని చూచుట అందరికిని సాధ్యమే. నిద్రవేళ కానప్పుడు ఆవులించుట, తిండి లేనప్పుడు మూతి నాకుకొనుట కూడ తరచుగా ఇబ్బందికి గుర్తులు. పిల్లవాడు మెడ కౌగలించుకొనినప్పుడు పెంపుడుకుక్క ఇట్లు చేసినచో, వానిని మెల్లగా ఇవతలకు పిలువవలెను.

మొరిగే కుక్క కరవదని సామెత. దానిని నమ్ముకొని ముందుకు పోరాదని మా మనవి. మొరుగుటయు గుర్రుమనుటయు హెచ్చరికలు. గుర్రుమన్న ప్రతిసారియు కొట్టినచో కుక్క గుర్రుమనుట మానుకొని, తరువాత నిశ్శబ్దముగా కరచుట నేర్చుకొనును.

పడుకొనుటకు ముందు గుండ్రముగా తిరుగుట, విసర్జించిన పిదప కాళ్లతో నేల గీరుట మొదలగు వింతలను గూర్చి గత శిబిరమున ఒక సభ్యుడు ప్రశ్నించినాడు. కుక్క పాదములయందు వాసనగ్రంథులు కలవు. గీరినచోట దాని వాసన నిలుచును. అది ఇతర కుక్కలకు వ్రాసిన విలాసము వంటిది. వీనివలన ఎవరికిని కీడు లేదు.

భయపడవలసిన వింత వేరొకటి కలదు. ఇంటివారిని చూచి గంతులు వేయు కుక్క అకస్మాత్తుగా చీకటిమూలల దాగినను, ఎవరిని దరిజేరనీయని కుక్క కారణము లేక మీదికి వచ్చినను, కర్రను మన్నును కొరికినను, గొంతు మారినను జాగ్రత్తపడవలెను. కొన్ని పిచ్చికుక్కలు పరుగెత్తవు, కరవవు. క్రింది దవడ జారి చొంగ కార్చుచు పడియుండును. ఎముక అడ్డుపడినదేమో అని దయతో నోట చేయి పెట్టిన మనుష్యునికి రోగము అంటుకొనవచ్చును. నీళ్లు త్రాగుచున్నది గనుక పిచ్చి లేదనుట తప్పు. నీటిభయము రోగము సోకిన మనుష్యునికి కలుగు లక్షణము. పిచ్చికుక్క నీళ్లు త్రాగుటకు ప్రయత్నించును.

ఈ రోగలక్షణములు మనుష్యునియందు కనబడిన పిదప ప్రాణము దక్కుట దాదాపు లేదు. ముందుగా జాగ్రత్తపడినచో దానిని పూర్తిగా నివారింపవచ్చును. అందుచేత ఆ ఊరిలో మేము మొదట చేయించిన పని, బాలుని గాయము నుండి సున్నమును కారమును కడిగివేసి, పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పోయు నీటితో కడిగించుట. పిమ్మట ఆసుపత్రికి పంపితిమి. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము వాని తల్లికి ఇంకను ఉండెను. నరకణజాలముతో చేసిన ఆ పాత మందును మన దేశమున 2004 నాటికే మానివేసినారు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో భుజముల చర్మమునందు మొదటి దినము, తరువాత 3వ, 7వ, 28వ దినములలో సూదిమందు ఇచ్చుచున్నారు. రక్తము కారు గాయమైనచో గాయము చుట్టును వేరొక మందు కూడ ఎక్కింతురు.

విషపు తీర్మానమును గూర్చి సర్పంచిగారితో రాత్రి పొద్దుపోవువరకు చర్చించితిమి. కుక్కలకు విషము పెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద నేరము. అంతేకాక, చంపినచోట పొరుగు కుక్కలు చేరును; వానికి టీకా ఉండదు. ఊరి కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా వేయించినచో ఈ రోగము వ్యాపింపజాలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. సంతాన నిరోధ శస్త్రచికిత్స బాధ్యతను 2023 నాటి నియమములు స్థానికసంస్థలపై ఉంచినవి. పశువైద్యునికి ఉత్తరము వ్రాయుట, టీకా దినమున కుక్కలను పట్టువారిని సమకూర్చుట పంచాయతీ చేయగలిగిన పనులే.

ఆ ఊరి ఉపాధ్యాయుడు మరునాడే పిల్లలను వరుసగా నిలిపి నేర్పినాడు: కుక్క ఎదురైనచో పరుగెత్తక, కండ్లలోనికి చూడక, చేతులు దగ్గరగా చేర్చుకొని చెట్టువలె నిలువవలెను, పడిపోయినచో ముడుచుకొని మెడను చెవులను చేతులతో కప్పుకొనవలెను. పిల్లలు దానిని ఆటగా ఆడిరి. కరవబడిన బాలుడు కుంటుచునే ముందువరుసన చెట్టై నిలిచినాడు.

తల్లికుక్కను చంపక పది దినములు గమనింపుడని చెప్పి వచ్చితిమి. బడిగోడ చుట్టు ముండ్లకంప వేసి, పిల్లలను అటు పోనీయలేదు. పదునొకండవ దినమున సర్పంచిగారు ఫోను చేసి, కుక్క ఆరోగ్యముగానే యున్నదనియు, పశువైద్యుని రాకకు తేది కుదిరినదనియు చెప్పిరి. పట్టుటకు వలలు ఎక్కడ దొరకునని అడిగిరి.