దసరా సెలవుల తరువాత మన పిల్లలు బడికే పోవాలె
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రామ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏటా ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి వాపసు ఎంత అని చదువుకుంటాం. అవన్నీ ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. మమ్మల్ని ఈసారి బడి గురించి చెప్పమన్నారు. మాది పెద్ద ఉపన్యాసం కాదు. మా ఊళ్లో చేసింది చెప్తాం, మీ ఊళ్లో పనికొస్తే తీసుకోండి.

2024లో మన తెలంగాణలో సర్కారు బడులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు దానికి చైర్‌పర్సన్, హెడ్మాస్టర్ కన్వీనర్. ఆ ఎండాకాలం తాగునీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు ఈ కమిటీల చేతుల మీదుగా జరిగాయి. పిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా మన సంఘాలకే వచ్చింది. ఆ లెక్కలు ఇదివరకే సమావేశాల్లో చెప్పుకున్నాం. గోడలు బాగుచేయడం ఒక ఎత్తు, ఆ గోడల నడుమ పిల్లలు రోజూ కూర్చోవడం ఒక ఎత్తు. అందుకే 2024 సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మా బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో జరిగిన సంగతులే ఇక్కడ చెప్తాం. ఎందుకంటే మన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, బడికి దూరమయ్యేది ఎక్కువగా ఈ మూడు నెలల్లోనే.

సెప్టెంబర్ 5న ఉపాధ్యాయ దినోత్సవం. ఆ రోజు పిల్లలే సార్లు, పిల్లలే మేడంలు. పెద్ద తరగతుల ఆడపిల్లలు అమ్మల చీరెలు కట్టుకొని వచ్చి ఆరో తరగతికి పాఠం చెప్పారు. ఎప్పుడూ పిల్లలు చూసుకునే పండుగ ఇది. ఈసారి తల్లులను కూడా పిలవమని కమిటీ నుంచి అడిగాం. సంఘం మీటింగులో చెప్తే చానామంది వచ్చారు. ఒక అక్క తన బిడ్డ బోర్డు మీద భిన్నాలు వేసి చెప్తుంటే కిటికీ దగ్గర నిలబడి చూసి, "ఇంట్ల నోరు తెరవదు, ఈడ గింత ధైర్యంగ చెప్తున్నదా!" అన్నది. బిడ్డ ఏం నేర్చుకుంటున్నదో కళ్లారా చూసిన తల్లికి మనం వేరే చెప్పేది ఉండదు.

తరువాత బతుకమ్మ. ఆ ఏడు సెలవులు అక్టోబర్ 2 నుంచి 14 దాకా ఇచ్చారు. ఎంగిలిపూల బతుకమ్మ కూడా 2వ తేదీనే పడింది. అందుకని బడిలో ముందు రోజే, అక్టోబర్ 1న ఆడుకున్నాం. మగపిల్లలు పొద్దున్నే పోయి తంగేడు, గునుగు కోసుకొచ్చారు. బంతి, కట్ల, గుమ్మడి పూలు తల్లులు తెచ్చారు. అయితే పేర్చి, ఆడి, ఇంటికి పోవడం కాకుండా పొద్దటి పూట తరగతుల్లో దాన్నే పాఠం చేద్దామని మేడంలు అన్నారు. మాకు అది మస్తు నచ్చింది.

ఆరో తరగతి పిల్లలు ఒక్కో పువ్వు పేరు, అది ఎక్కడ పూస్తుంది, ఇంట్లో దేనికి వాడతారు అని పెద్దవాళ్లను అడిగి తెలుగులో రాసుకొచ్చారు. తంగేడు గురించి ఒక అవ్వ చెప్పినంత పుస్తకంలో కూడా లేదని మేడం అన్నది. ఏడో తరగతికి లెక్కలు. తాంబాలం వెడల్పు 14 అంగుళాలైతే చుట్టూ ఎంత? పిల్లలు లెక్క కట్టి 44 అంగుళాలు అన్నారు. మన అక్క ఒకామె దారం పట్టి కొలిచి చూపించింది, సరిగ్గా సరిపోయింది. పైకి పోయిన కొద్దీ వరుసకు పూలు ఎన్ని తగ్గించాలో మనకు చెయ్యి తిరిగిన పని. ఆ పనిలో లెక్క ఉందని ఆ రోజు మాకూ తెలిసింది, పిల్లలకూ తెలిసింది. అమ్మకు చదువు రాదు అనుకునే పిల్లలు అమ్మను అడిగి రాసుకోవడం మేం మొదటిసారి చూశాం.

ఆట అయిపోయినంక పెద్దసారు తల్లులందరినీ వరండాలో కూర్చోబెట్టి హాజరు రిజిస్టరు చూపించాడు. పోయిన ఏడు దసరా ముందు పేజీ, దసరా తరువాతి పేజీ. ముందు పేజీ నిండా హాజరే. తరువాతి పేజీలో ఏడు, ఎనిమిది తరగతుల వరుసల్లో గైర్హాజరు గుర్తులే. దీపావళి దాటినా కొన్ని పేర్ల ఎదురుగా అవే గుర్తులు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. "అమ్మా, సెలవులు మేం ఇచ్చినయి పదమూడు రోజులే" అన్నాడు. ఎవరికి తగలాల్నో వాళ్లకు తగిలింది.

కారణం మనందరికీ తెలిసిందే. పత్తి. దసరా నాటికి మొదటి ఏరుడు మొదలవుతుంది. కూలి రోజుకు కాదు, కిలోకు. ఎన్ని చేతులుంటే అన్ని కిలోలు. పన్నెండేళ్ల పిల్ల వేళ్లు సన్నగుంటాయి, నడుము వంగుతుంది, తొందరగా ఏరుతుందని ఆటోలో ఎక్కించుకుంటారు. కొన్ని ఇళ్లల్లో పండుగ ఖర్చుకని ముఠా మేస్త్రి దగ్గర ముందే పైసలు తీసుకుంటారు, అవి తీరాలంటే పిల్ల కూడా పోవాల్సి వస్తుంది. ఇంకొన్ని ఇళ్లల్లో తల్లి చేనుకు పోతే చిన్నపిల్లను పట్టుకోవడానికి పెద్దపిల్ల ఇంటి దగ్గర ఉండాలి. ఇదంతా సోకుకు చేసేది కాదు, ఇల్లు గడవక చేసేది. అందుకే తల్లులను తిట్టి లాభం లేదని మేం ముందే అనుకున్నాం.

కానీ "పది రోజులు పోతే ఏమైతదక్కా?" అనే మాటకు మాత్రం లెక్క చెప్పాలనుకున్నాం. సెలవులు అయిపోయిన కొద్ది రోజులకే ఎస్ఏ-1 పరీక్షలు. ఆ పది రోజుల్లో మళ్లీ చదివించే పాఠాలు పోతాయి. ఇంకోటి, ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అని స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. మన దగ్గర దాన్ని నవంబర్‌లో పెడతారు. సర్కారు బడిలో చదివే పిల్లలు, ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయల లోపు ఉన్నవాళ్లు రాయొచ్చు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 శాతం చాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. అంటే నాలుగేళ్లకు 48,000. అందరికీ రాదు, నిజమే. కానీ చేన్ల ఉన్న పిల్లకు అసలే రాదు గదా. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే, "ఈ సంగతి మాకెవ్వరు చెప్పిన్రు?" అని చానామంది అడిగారు. అందుకే ఈ పుస్తకంలో కూడా చెప్తున్నాం. దరఖాస్తు బడి నుంచే పెట్టాలి, హెడ్మాస్టర్‌ను ముందుగానే అడగండి.

ఇంకో నష్టం లెక్కకు రాదు. నెల రోజులు బడి మానిన ఏడో తరగతి పిల్లకు మళ్లీ పోవాలంటే సిగ్గు. పాఠం అర్థం కాదు, తోటివాళ్లు నవ్వుతారని భయం. అట్లా ఇంట్లో ఉండిపోయిన పిల్లకు సంబంధాలు రావడం మొదలవుతుంది. పత్తి చేను దగ్గర మొదలైంది పెళ్లి పందిరి దాకా పోతుంది. పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని మన రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1990ల నుంచి చేశారు. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. బీద తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనే కోరుకుంటారు అన్న నమ్మకంతోనే వాళ్లు పని చేశారు. మా ఊళ్లో చూసింది కూడా అదే.

ఇగ మేం చేసిన పనులు చెప్తాం.

మొదటిది, దశ సూత్రాల్లో చదువు కూడా ఒకటి కదా. ప్రతి చిన్న సంఘం మీటింగులో పొదుపు, అప్పు, వాపసు అయినంక "ఈ వారం మన పిల్లల్లో ఎవరు బడికి పోలేదు?" అని అడిగి మినిట్స్‌లో రాయాలని గ్రామ సమాఖ్యలో తీర్మానం చేశాం.

రెండోది, పండుగకు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకునే ఇళ్లు మనకు తెలుసు. వాళ్లకు సంఘం నిధి నుంచే చిన్న అప్పు ముందుగా ఇచ్చాం. వాయిదాలు పత్తి కూలి వచ్చే నెలల్లో పెట్టుకున్నాం. ఈ ఒక్క పనితోనే కొందరు పిల్లలకు ఆటో ఎక్కే అవసరం తప్పింది.

మూడోది, ఆటో డ్రైవర్లను, మేస్త్రులను కూర్చోబెట్టి మాట్లాడాం. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకుంటే పెట్టుకున్నవాళ్లకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు గానీ, 20,000 నుంచి 50,000 రూపాయల దాకా జుర్మానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సొంత చేన్లో అమ్మానాన్నలకు సాయం చేయాలన్నా బడి వేళ తరువాత, సెలవుల్లోనే. భయపెట్టడానికి కాదు, తెలియాలని చెప్పాం.

నాలుగోది, చిన్నపిల్లలను అంగన్‌వాడీలో ఉంచుకోమని టీచరమ్మతో మాట్లాడాం.

ఐదోది, అక్టోబర్ 15న బడి తెరిచే రోజు. ఆటోలు ఊళ్లోకి రాకముందే వాడకు ముగ్గురం నలుగురం చొప్పున ఇల్లిల్లూ తిరిగాం. "బిడ్డను లేపు చెల్లె, తల దువ్వు, మేం తోలుకపోతం" అన్నాం. ఒకామె కోపం చేసింది, "నా ఇంట్ల బియ్యం మీరు పోస్తరా?" అని. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కానీ మర్నాడు ఆమె కూతురే యూనిఫాం వేసుకొని వచ్చింది. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు 150 గ్రాముల బియ్యం లెక్క ఉంటుంది. వండేది మన సంఘం అక్కలే. కడుపు నిండా పెట్టే బాధ్యత మనదని వాళ్లకు కూడా గట్టిగా చెప్పుకున్నాం.

బడికి తోలుకొచ్చినంక పిల్ల నిలవాలంటే పాఠం బాగుండాలి. ఎనిమిదో తరగతి లెక్కల సారు పత్తినే పాఠం చేశాడు. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. సీసీఐ వాళ్లు తేమ 8 శాతం దాకా పూర్తి ధర ఇస్తారు. ఆ పైన 12 శాతం దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోస్తారు. 10 శాతం తేమ వస్తే ఎంత? పిల్లలు లెక్క కట్టారు. 150 రూపాయల 42 పైసలు పోయి 7,370 రూపాయల 58 పైసలు. ఆ సాయంత్రం ఇంటింటా తక్‌పట్టీలు బయటికొచ్చాయి. కూతురు లెక్క చూసి చెప్తుంటే తండ్రి విన్నాడు. ఆరబెట్టి అమ్మితే ఎంత మిగులుతుందో పిల్ల నోటితోనే తెలిసింది. చేన్ల ఏరితే ఆ రోజు కూలి వస్తుంది, బడిలో నేర్చుకుంటే ఏటేటా కాంటా దగ్గర పైసలు మిగులుతాయి.

నవంబర్ 14న బాలల దినోత్సవం నాడు ఆటల పోటీలు పెట్టారు. సెలవుల తరువాత ఒక్కరోజు కూడా మానని పిల్లలకు గ్రామ సమాఖ్య తరఫున నోటుపుస్తకాలు ఇచ్చాం. ఖరీదు చిన్నదే, తల్లి చేతుల మీదుగా ఇప్పించాం.

అంతా అయిపోయిందని చెప్పం. ఇద్దరు ఆడపిల్లలు ఇంకా రాలేదు. ఒక కుటుంబం పనికి వలసపోయింది, వాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో కనుక్కోవాలి. పిల్లను బడికి పంపిన ఇంటికి ఆ కిలోల కూలి తగ్గిన మాట కూడా నిజం. అందుకే ఈ పని ఒక్క బడి వల్ల కాదు, ఒక్క తల్లి వల్ల కాదు. సంఘం అప్పు, అంగన్‌వాడీ, బడి మూడూ కలిస్తేనే అవుతుంది.

మీ అందరికీ మా విన్నపం ఒక్కటే. వచ్చే దసరాకు ముందు మీ గ్రామ సమాఖ్య మీటింగులో మూడు మాటలు రాసుకోండి. సెలవులు ఏ రోజు అయిపోతాయి, అడ్వాన్సు అవసరమయ్యే ఇళ్లు ఏవి, బడి తెరిచే పొద్దు ఏ వాడకు ఎవరు పోతారు. ఈ మూడూ ముందే రాసి ఉంటే ఆ రోజు తడుముకునే పని ఉండదు. అప్పు వాయిదా ఒక్క నెల తప్పితే మనం ఇంటికి పోయి అడుగుతాం. పిల్ల బడి తప్పినా అట్లాగే పోయి అడుగుదాం.