వల చేతికొచ్చిన నాడే సహాయం పూర్తి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేపలవేట సంగతి చిత్తూరువాళ్లకెందుకని మీరడగవచ్చు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు ప్రాంతాలు అందులో చేరాయి. పులికాట్ సరస్సూ, సముద్రతీరమూ మన పొరుగిళ్లయ్యాయి. వాళ్ల కష్టం ఇక దూరపు కబురు కాదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేలమంది పోయారని ప్రభుత్వ లెక్క. 2004 డిసెంబరు 26న సునామీ మన పక్క తీరాన్నే తాకింది. రెండుసార్లూ దాతలు బియ్యం, బట్టలు, గిన్నెలు ఇచ్చారు. చాలా మంచిపని. కానీ బియ్యం అయిపోయాక ఆ ఇల్లు ఎలా నడవాలి?

చేపలవ్యాపారం ఒక్క మగవాడిది కాదండి. అతను వేటకు పోతే, భార్య గంప నెత్తినబెట్టుకుని అమ్ముతుంది. మిగిలినవి ఎండబెట్టి కరువాడు చేస్తుంది. పడవలో కూలికి కాదు, పాలుకు వచ్చేవాళ్లుంటారు. ఒక పడవ పోతే నాలుగైదు పొయ్యిలు ఆరతాయి. నష్టపరిహారం మాత్రం పడవ ఎవరి పేరనుంటే వాళ్లకే. పాలుగాడికీ, గంప పోగొట్టుకున్న ఆడమనిషికీ కాగితమేదీ? లెక్కలోకే రారు.

అప్పుడు చేపలషావుకారు వస్తాడు. వలకూ, ఇంజనుకూ పెట్టుబడి ఇస్తాడు. పట్టిన చేపంతా తనకే, తను చెప్పిన ధరకే వెయ్యాలంటాడు. వేటలేని నాడూ బాకీ బాకీయే. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. అలలు తీసుకుపోయింది పడవనే. ఈ బాకీ తీసుకుపోయేది రాబోయే ఏళ్ల సంపాదనను.

అలాగని అందరికీ పడవలు పంచితే సరిపోతుందా? సునామీ తర్వాత శ్రీలంకలో, ఇండోనేషియాలో, తమిళనాట చాలాచోట్ల అదే జరిగింది. కొన్ని ఊళ్లలో మునుపటికంటే పడవలెక్కువై చేపలు పంచుకోవలసి వచ్చింది. కొన్ని పడవలు ఆ సముద్రానికి పనికిరానివి. వాడేవాణ్ణి అడక్కుండా ఇచ్చినదాని గతి అంతే.

కాబట్టి నా మనవి మూడు మాటలు. మొదట ఆ ఊరివాళ్లనే అడుగుదాం: వల కావాలా, ఇంజను రిపేరా, ఐసుపెట్టెనా అని. రెండోది, ఆడవాళ్ల గంపవ్యాపారానికి చిన్న పెట్టుబడి వాళ్ల చేతికే ఇద్దాం. మూడోది, వడ్డీలేని ఖర్జె హసనా మనకు కొత్త కాదు. మన నిధిలో కొంతభాగం ఆపదకని విడిగా పెట్టి, మతం చూడకుండా ఇద్దాం; వేట సాగాక వాయిదాల్లో తీసుకుందాం. తిరిగొచ్చిన సొమ్ము ఇంకో ఇంటికి పనికొస్తుంది.

తను పట్టిన చేపకు తనే ధర చెప్పుకోగలిగిన నాడే ఆ కుటుంబం నిలబడ్డట్టు. అందాకా మన చెయ్యి వెనక్కి తీసుకోవద్దని కోరుతున్నాను.