పాత పీసీతో డ్రీమ్‌కాస్ట్ డిస్క్ రైట్ చేద్దాం, కానీ లేజర్‌ని కాపాడుకుంటూ

పోయిన ఎపిసోడ్ కింద ఖమ్మం నుంచి ఒక తమ్ముడు ప్రశ్న పెట్టాడు. వాళ్ల అన్నయ్య అమెరికా నుంచి వస్తూ ఒక సెగా డ్రీమ్‌కాస్ట్ తెచ్చాడట, సెకండ్ హ్యాండ్‌ది. దాంతోపాటు ఒకే ఒక్క గేమ్ డిస్క్ వచ్చింది, దాని నిండా గీతలే. ఇంట్లో వాళ్ల నాన్నగారి డీటీపీ షాపు నాటి కంప్యూటర్ ఒకటి మూలన ఉంది, ఈ నెలలో దాన్ని పాతసామాన్లకు వేసేద్దామంటున్నారు. "అన్నా, దాంతో ఈ డ్రీమ్‌కాస్ట్‌కి డిస్క్‌లు చేసుకోవచ్చా? లేకపోతే ఇచ్చేయమంటావా?" అని అడిగాడు.

తమ్ముడూ, ఇచ్చేయకు. కనీసం అందులో ఉన్న సీడీ రైటర్‌నైనా ఇచ్చేయకు. ఎందుకో ఈ వీడియో మొత్తం అదే చెప్తాను.

ముందు ఒక విషయం. ఆ అమెరికా డ్రీమ్‌కాస్ట్‌ని నేరుగా మన గోడ ప్లగ్గులో పెట్టొద్దు. అది 120 వోల్టుల మెషీన్, మన ఇంట్లో వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ప్లగ్ ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజ్‌ని తగ్గించదు. ఇది తెలియక పెట్టారంటే డిస్క్‌ల గురించి మాట్లాడుకునే అవసరమే ఉండదు.

సరే, అసలు ఈ డ్రీమ్‌కాస్ట్ ఏంటి? జపాన్‌లో 1998 నవంబర్ 27న వచ్చింది, అమెరికాలో 1999 సెప్టెంబర్ 9న. 2001 జనవరి ఆఖరికి సెగా వాళ్లు ఇక తయారుచేయం అని ప్రకటించేశారు. అంటే చాలా చిన్న జీవితం. మెయిన్ ర్యామ్ 16 ఎంబీ. మీ ఫోన్‌లో 6 జీబీ ర్యామ్ ఉందనుకోండి, దాంట్లో 384వ వంతు. అంత చిన్న మెషీన్ మీద 2024 చివర్లో కూడా అభిమానులు జీటీఏ 3 నడిపించి చూపించారు. అందుకే దీని మీద ఇంకా ఇంత పిచ్చి.

దీని గేమ్స్ మామూలు సీడీలో రాలేదు. జీడీ-రామ్ అని సెగా, యమహా కలిసి చేసిన డిస్క్ అది. సుమారు 1 జీబీ పడుతుంది. చూడ్డానికి సీడీలాగే ఉంటుంది, కానీ వెనక్కి తిప్పితే మధ్యలో ఒక వలయం కనపడుతుంది. ఆ వలయానికి లోపలి వైపు మామూలు సీడీ, బయటి వైపు గుంతలు దగ్గర దగ్గరగా ఉండే దట్టమైన భాగం. గేమ్ ఉండేది ఆ బయటి భాగంలో. మన కంప్యూటర్‌లోని డ్రైవ్ మామూలుగా లోపలి భాగం వరకే చదివి ఆగిపోతుంది. కాబట్టి తమ్ముడూ, నీ గీతల డిస్క్‌ని పీసీలో పెట్టి కాపీ కొట్టేద్దాం అనుకుంటే కుదరదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఆశపడి ఒక రాత్రంతా కూర్చోకు.

మరి ఇంట్లో రైట్ చేసిన సీడీ ఎలా నడుస్తుంది? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. సెగా వాళ్లు మిల్-సీడీ అని ఒక ఫార్మాట్ పెట్టారు. పాటల సీడీలోనే కాస్త వీడియో, మెనూలు కూడా పెట్టి డ్రీమ్‌కాస్ట్‌లో చూసుకునేలా చేద్దామని ఆలోచన. అలాంటి సీడీలు జపాన్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వచ్చాయి, ఎవరూ పెద్దగా కొనలేదు. కానీ ఆ పాటల సీడీల కోసం తీసిన తలుపు మెషీన్‌లో అలాగే ఉండిపోయింది. మామూలు సీడీ పెట్టినా, దాంట్లోంచి ప్రోగ్రామ్ స్టార్ట్ అయ్యే దారి అన్నమాట. సెగా దానికీ ఒక తాళం వేసింది. ప్రోగ్రామ్ ఫైల్‌ని ముక్కలు అటూ ఇటూ కలిపేసి డిస్క్ మీద పెడతారు, మెషీన్ దాన్ని సర్దుకుని నడుపుతుంది. 2000లో ఆ తాళం కూడా తెలిసిపోయింది. ఆ తర్వాత పైరసీ డిస్క్‌లు వరదలా వచ్చాయి.

డ్రీమ్‌కాస్ట్‌ని పైరసీ చంపేసిందని చాలా వీడియోల్లో చెప్తారు. నేను ఒప్పుకోను. 2000 మార్చిలో ప్లేస్టేషన్ 2 వచ్చింది, అది డీవీడీ సినిమాలు కూడా ఆడించేది. దానికి ముందు శాటర్న్‌తోనే సెగా బాగా నష్టపోయి ఉంది. పైరసీ మేలు చేయలేదు, నిజమే, కానీ శవం పక్కన దొరికిన వాడల్లా హంతకుడు కాదు కదా.

ఇప్పుడు మీ మెషీన్ ఆ తలుపు ఉన్నదా కాదా చూసుకోండి. కింద స్టిక్కర్ మీద చిన్న గుండ్రంలో ఒక అంకె ఉంటుంది. 0 గానీ 1 గానీ ఉంటే నిశ్చింత. 2 ఉంటే కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. 2000 చివర నుంచి తయారైన వాటిలో సెగా ఆ దారి మూసేస్తూ వచ్చింది. 2 ఉన్నవాళ్లు ఒక డిస్క్ రాసి చూసుకోవడమే.

ఏం రైట్ చేసుకోవాలి? ఇక్కడ నా మాట సూటిగా ఉంటుంది. ఎవరో అప్‌లోడ్ చేసిన పాత గేమ్ కాపీల లింకులు నేను ఇవ్వను, అడగొద్దు. మన కాపీరైట్ చట్టం, అంటే 1957 నాటిది, తన దగ్గర చట్టబద్ధంగా ఉన్న ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ తీసుకోనిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతిదీ బ్యాకప్ అయిపోదు. కానీ దానికి భయపడి ఆగాల్సిన పని లేదు, ఎందుకంటే ఈ మెషీన్‌కి ఇంట్లో కూర్చుని గేమ్స్ రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కల్లిస్టీ ఓఎస్ అనే ఫ్రీ లైబ్రరీ ఉంది, దాని మీద రాస్తారు. కొందరు ఫ్రీగా ఇస్తారు, కొందరు అమ్ముతారు, అమ్మేవి కొనండి. మొదటి ప్రయత్నానికి నేను చెప్పేది డూమ్. 1993లో దాని మొదటి భాగాన్ని కంపెనీ వాళ్లే ఫ్రీగా పంచిపెట్టారు, 1997లో సోర్స్ కోడ్ కూడా ఇచ్చేశారు. డ్రీమ్‌కాస్ట్‌కి దాని పోర్ట్ ఉంది. డిస్క్ ఖర్చు తప్ప ఏమీ లేదు.

ఇక కంప్యూటర్ దగ్గరకి వద్దాం. స్విచ్ వేసే ముందు కేస్ తెరవండి, ప్లగ్ తీసేసి. బొచ్చులాంటి దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీయండి. మదర్‌బోర్డ్ మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బి ఉన్నా, గోధుమరంగు ద్రవం కారినా ఆ బోర్డ్‌ని నమ్మొద్దు. 2000 ప్రాంతపు బోర్డుల్లో ఇది బాగా ఎక్కువ. అలాంటప్పుడు రైటర్ ఒక్కటి పీకి దాచుకోండి. ఆన్ చేయగానే తేదీ తప్పు చూపించి ఎఫ్1 నొక్కమంటే కంగారు వద్దు, బోర్డ్ మీద రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, అంతే. ట్రే బయటికి రాకపోతే కంప్యూటర్ ఆపేసి, ముందున్న సన్న రంధ్రంలో పేపర్ క్లిప్ తీగ పెట్టి మెల్లగా నొక్కండి.

అందులో విండోస్ ఎక్స్‌పీ ఉంటే నెట్‌కి కలపొద్దు. 2014 ఏప్రిల్ 8తో దానికి సపోర్ట్ అయిపోయింది. ఫైల్స్ ఫోన్‌లోనో వేరే ల్యాప్‌టాప్‌లోనో దించుకుని పెన్‌డ్రైవ్‌తో తీసుకెళ్లండి. సాఫ్ట్‌వేర్ నేను వాడేది ఇమ్గ్‌బర్న్, 2.5.8.0 వెర్షన్, 2013 నాటిది, ఎక్స్‌పీ మీద హాయిగా నడుస్తుంది. డ్రీమ్‌కాస్ట్ ఇమేజ్‌లు ఎక్కువగా సీడీఐ అనే ఫార్మాట్‌లో వస్తాయి. దానికి ఒక చిన్న డీఎల్ఎల్ ఫైల్ కూడా ఇమ్గ్‌బర్న్ ఫోల్డర్‌లో వేయాలి, లేకపోతే ఆ ఫైల్‌ని గుర్తుపట్టదు.

"అన్నా, కొత్త ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ రైటర్ పెడితే సరిపోదా?" సరిపోతుంది, చాలామందికి నడుస్తుంది. పాత రైటర్ ఎందుకంటున్నానంటే, అది సీడీలు రాయడానికే పుట్టింది, తక్కువ స్పీడ్‌లు దాంట్లో ఉంటాయి. సన్నటి యూఎస్‌బీ డ్రైవ్‌లు చాలావాటిలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు డిస్క్ మీద ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో మీరే పట్టుకుంటారు. డ్రీమ్‌కాస్ట్ సీడీలో రెండు సెషన్లు ఉంటాయి. మొదటిది పాట. నిజంగానే పాటల ట్రాక్, కాకపోతే ఏ శబ్దం లేకుండా నాలుగు సెకన్లు చాలు. మిల్-సీడీ అంటే పాటల సీడీ కదా, ఆ వేషం వేయాలి. సీడీ మీద ఒక సెకను అంటే 75 సెక్టార్లు. నాలుగు సెకన్ల చిల్లర, 302 సెక్టార్లు. తర్వాత సెషన్ ముగింపు, కొత్త సెషన్ మొదలు, వీటికి 11,400 సెక్టార్లు ఖాళీగా పోతాయి, అంటే రెండున్నర నిమిషాల చోటు. రెండూ కలిపితే 11,702. గేమ్ డేటా ఆ అంకె దగ్గర మొదలవుతుంది. లినక్స్‌లో కమాండ్లతో రైట్ చేసేవాళ్లకి ఈ 11702 ఎక్కడ చూసినా కనపడుతుంది, మంత్రం అనుకుంటారు. మంత్రం కాదు, కూడిక.

దీనివల్ల తెలిసేదేంటంటే, ఇమేజ్‌ని మామూలు డేటా సీడీలాగా ఫైల్స్ లాగి పడేసి రాస్తే నడవదు. రెండు సెషన్లూ రావాలి. సీడీఐ ఫైల్‌ని ఇమేజ్‌గానే ఇచ్చి రైట్ కొట్టాలి.

ఖాళీ డిస్క్ సంగతి. సీడీ-ఆర్ మాత్రమే, 700 ఎంబీది. సీడీ-ఆర్‌డబ్ల్యూ నమ్ముకోవద్దు. డీవీడీ అసలు పనికిరాదు, డ్రీమ్‌కాస్ట్ లేజర్ సీడీ లేజర్. ఒకప్పుడు సికింద్రాబాద్ సీటీసీలో 50 డిస్క్‌ల డబ్బా కొనుక్కుని బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చేవాళ్లం. ఇప్పుడు వెతుక్కోవాలి. ఊళ్లో పాత ఫొటో స్టూడియో, పెళ్లి వీడియోలు తీసేవాళ్లని అడగండి, మూలన ఓ డబ్బా ఉంటుంది. ఎండ తగలని చోట ఉన్నదే తీసుకోండి. డిస్క్ లోపల ఉండేది రంగు పొర, వేడికీ వెలుగుకీ అది పాడవుతుంది.

స్పీడ్ గురించి పెద్ద గొడవ ఉంది. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదని పాతవాళ్లు చెప్తారు, 1ఎక్స్ 2ఎక్స్ అంటారు. అది ఆ కాలపు డిస్క్‌లకి నిజం. తర్వాత వచ్చిన డిస్క్‌ల రంగు పొర ఎక్కువ స్పీడ్‌కి తయారైంది, మరీ నెమ్మదిగా రాస్తే గుర్తులు సరిగ్గా పడకపోవచ్చు. నేను 8ఎక్స్‌తో మొదలుపెడతాను. 52ఎక్స్ అని కవర్ మీద ఉంది కదా అని అంతా లాగొద్దు. రైట్ అవుతున్నంతసేపు ఆ కంప్యూటర్‌ని ముట్టుకోకండి, పాట కూడా పెట్టకండి. బాగా పాత రైటర్లలో డేటా అందడం ఒక్క క్షణం ఆగినా డిస్క్ చెత్తబుట్టకే. రాశాక వెరిఫై చేయండి.

డిస్క్‌ని డ్రీమ్‌కాస్ట్‌లో పెట్టే ముందు ఇంట్లో ఒరిజినల్ ఆడియో సీడీ ఏదైనా ఉంటే, ఎంపీ3ది కాదు, అది పెట్టి చూడండి. పాట వస్తే లేజర్ బతికే ఉంది. ఇప్పుడు మీ డిస్క్ పెట్టి చెవి పెట్టి వినండి. కాస్త గరగరమనడం మామూలే, ఈ డ్రైవ్ ఎప్పుడూ అరుస్తుంది. కానీ అదే శబ్దం మళ్లీ మళ్లీ, వెతుకుతున్నట్టు వస్తుంటే వెంటనే తీసేయండి. సీడీ-ఆర్ పెడితే లేజర్ పోతుందని ఒక ప్రచారం ఉంది. సీడీ-ఆర్ మెరుపు కంపెనీ డిస్క్ కంటే తక్కువ, అందుకే చదవడం కొంచెం కష్టం, అంతవరకు నిజం. నా లెక్కలో అసలు అరిగేది బాగా రాయని డిస్క్ కోసం లెన్స్ అటూ ఇటూ పరిగెత్తడంవల్ల. పాతిక దాటిన డ్రైవ్ అది, మీ డిస్క్ తప్పుకి దానికి శిక్ష వేయొద్దు. ఇంకో డిస్క్ రాయండి, స్పీడ్ మార్చి.

మధ్యలో గేమ్ ఆగి రీసెట్ అవుతుంటే మాత్రం డిస్క్‌ని తిట్టకండి. లోపల పవర్ సప్లై బోర్డ్ పిన్నుల మీద మకిలి పట్టడం దీనికి పాత జబ్బు. ప్లగ్ తీసి కాసేపు వదిలేసి, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి. లేజర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి పవర్ పెంచమనే వీడియోలు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

డ్రైవ్ మొత్తం తీసేసి ఎస్‌డీ కార్డ్ నుంచి నడిపే జీడీఈఎంయూ బోర్డ్ గురించి కూడా అడుగుతారు. డ్రైవ్ నిజంగా పోయినరోజున అది పెట్టుకోండి, తప్పేం లేదు. నడుస్తున్న డ్రైవ్‌ని పీకేయడం మాత్రం నాకు మనసొప్పదు. దానికి కొత్తది ఎవరూ తయారుచేయట్లేదు.

చివరిగా, డిస్క్ మీద పేరు రాయాలంటే మెత్తటి సీడీ మార్కర్‌తో రాయండి, తేదీ, స్పీడ్ కూడా వేయండి. ఏ డబ్బా డిస్క్ ఏ స్పీడ్‌లో బాగా వచ్చిందో రెండో వారానికే గుర్తుండదు. హీరో బొమ్మ స్టిక్కర్లు అంటించొద్దు. అంత వేగంగా తిరిగేటప్పుడు ఒక పక్క బరువెక్కి డిస్క్ వణుకుతుంది.

ఖమ్మం తమ్ముడూ, మీ స్టిక్కర్ మీద అంకె ఎంతో కింద కామెంట్లో పెట్టు. ఉంటాను మరి.